అతిథికి చెడ్డ కబురు చెప్పరు

ఆగస్టు 21

మొత్తానికి కిర్గిజ్ కొండల్లోని అత్‌బాషీలో దిగాను. బిష్కెక్ దాకా విమానం, అక్కడి నుంచి మా ఫ్యాక్టరీ పాల లారీ. లారీ తోలిన మెదెర్ నా కన్నా రెండు మూడేళ్ళు చిన్న, నోరు మాత్రం చాలా పెద్దది. ప్రతి కొండనీ చూపించి దాని మీద ఎవరి గొర్రె ఎప్పుడు తప్పిపోయిందో చెప్పాడు.

ఈ డైరీ బోతిర్ కొనిచ్చాడు. "రోజూ ఫోన్ చేసి ఏడవకు. నా కుర్చీలో కూర్చుని పళ్ళు పీకించుకునేవాళ్ళు ఏడ్చేది చాలు. నువ్వు ఇందులో ఏడు" అన్నాడు. పళ్ళ డాక్టర్ని చేసుకుంటే మాటలు ఇలాగే ఉంటాయి. అయినా నేను ఏడవడానికి రాలేదు. తాష్కెంటు ఆఫీసులో కూర్చుని ఏళ్ళ తరబడి ఎవరెవరి ఫ్యాక్టరీల గురించో చదివి చదివి విసుగెత్తి, నాకూ ఒకటి ఇవ్వండని అడిగి మరీ తెచ్చుకున్న పని ఇది. ఆర్నెల్లు. ఈ పాత చీజ్ ఫ్యాక్టరీ చలికాలంలో నడుస్తుందనుకుంటే ఉంచుతారు, లేదంటే తాళం వేస్తారు. నవంబర్లో మా పెద్దాయన షౌకత్ అకా (అకా అంటే మా దగ్గర అన్న) స్వయంగా వచ్చి తేలుస్తారట.

వచ్చిన రోజే గొర్రెను కోశారు. చీజ్ తయారీ అంతా చూసుకునే బురుల్ ఎజె (ఎజె అంటే ఇక్కడ అక్క) నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గుమ్మానికి దూరంగా, గోడవైపు, అందరికన్నా పైన కూర్చోబెట్టారు. వెనక దిండ్లు. ముందు మాంసంతో సహా నా మోచేతి పొడవున్న తుంటి ఎముక. చుట్టూ ఉన్నవాళ్ళకి చిన్నా పెద్దా వేరే వేరే ఎముకలు. ఇంత ఎముకతో నేను రెండు రోజులు బతకచ్చు.

"తినండి. మీరు అతిథి" అన్నారు ఎజె.

ఆవిడకి అరవైకి దగ్గరగా ఉంటాయి, నాకు ముప్పై నాలుగు. "నన్ను మీరు అనకండి ఎజె" అన్నాను.

"అలాగేనండి" అన్నారు.

ఆగస్టు 23

పాల బకెట్ ఎత్తబోయాను. నలుగురు పరిగెత్తుకొచ్చి లాక్కున్నారు. కుర్చీ వేశారు. కుర్చీ మీద దిండు వేశారు.

ఆగస్టు 30

విదేశాల్లో పనిచేసే మాలాంటి వాళ్ళ కోసం పెద్దాఫీసు వాళ్ళు ఒక పుస్తకం ఇచ్చారు. సిబ్బందిలో ఉత్సాహం నింపడం ఎలా అని. బొమ్మలతో సహా ఉంది. అందులో చెప్పినట్టే క్యాంటీన్ గోడకి సలహాల పెట్టె పెట్టించాను. ఫ్యాక్టరీలో లోపాలు ఏమున్నా పేరు రాయకుండా రాసి వెయ్యమన్నాను. అందరూ "చాలా బాగుంది, చాలా బాగుంది" అన్నారు.

ఈ రోజు తెరిచాను. ఒక చీటీలో "మీకు నిండు ఆరోగ్యం కలగాలి" అని ఉంది. ఇంకోదానిలో "మీ పిల్లలు వృద్ధిలోకి రావాలి" అని ఉంది (పిల్లలు ఇంకా లేరు, అయినా థాంక్స్). మరొకరు "మీకు చలేస్తే మా ఇంట్లో గొర్రెతోలు కోటు ఉంది" అని రాశారు. అడుగున కాగితం చుట్టిన చాక్లెట్ ఒకటి.

ఒక్క సలహా లేదు. అంటే లోపాలు లేవన్నమాట. షౌకత్ అకాకి ఆ మాటే రాసి పంపాను. చాక్లెట్ తిన్నాను.

సెప్టెంబర్ 5

షౌకత్ అకా ఫోన్ చేశారు. "ఆ పాత బాయిలర్ చలికాలానికి ఆగుతుందా? కొత్తది కావాలంటే ఇప్పుడే చెప్పు, తర్వాత అడిగితే ఇవ్వను."

ఇక్కడ అంతా ఆ బాయిలర్ మీదే. పాలు కాచేది అదే, గదులు వెచ్చబెట్టేదీ అదే. వయసులో నా కన్నా పెద్దది. నేను వెళ్ళి చూశాను. వేడిగానే ఉంది. రోజూ రాసే పట్టికలో ఉష్ణోగ్రత గీత బల్లపరుపుగా ఉంది, ఎక్కడా ఒక వంకర లేదు. అయినా పెద్దవాళ్ళని అడగాలి కదా, బురుల్ ఎజెని అడిగాను.

"బాయిలర్ ఎలా ఉంది ఎజె?"

"చాలా బాగుంది."

"చలికాలం లాగుతుందా?"

"మీ ఆరోగ్యం బాగుంటే అన్నీ లాగుతాయి. టీ తాగుతారా?"

బాయిలర్ బాగానే ఉంది, కొత్తది అక్కర్లేదు అని రాసేశాను. దానికి పక్కన పెట్టిన డబ్బుతో గేటు మీద వెలుగుల బోర్డు పెట్టిద్దామని కూడా రాశాను. పుస్తకంలో ఉంది, తాము పనిచేసే చోటు పేరు మెరుస్తుంటే పనివాళ్ళ ఛాతీ ఉప్పొంగుతుందట. షౌకత్ అకా వెంటనే ఒప్పుకున్నారు. నాకు ఈ ఉద్యోగం పుట్టుకతోనే వచ్చిందేమో అనిపిస్తోంది.

సెప్టెంబర్ 16

బోర్డు వచ్చేసింది. ఎరుపు, ఆకుపచ్చ. బ్రహ్మాండం.

పనివాళ్ళ ఛాతీలు మాత్రం ఉప్పొంగినట్టు లేదు. అందరూ ఆవలిస్తున్నారు. పాలు పరీక్ష చేసే జిపార్, నా తర్వాతే చేరిన అమ్మాయి, సీసా చేతిలో పట్టుకుని నిలబడే నిద్రపోయింది. బురుల్ ఎజె కళ్ళ కింద నలుపు. చీజ్ గడ్డలు తిప్పే ఇద్దరు మొగాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి మధ్యాహ్నం గురక పెట్టారు. పుస్తకంలో తొమ్మిదో పాఠం ఇదే: ఉత్సాహ లోపం.

రేపటి నుంచి పొద్దున్నే వ్యాయామం.

సెప్టెంబర్ 17

చేశారు. నవ్వుతూ, నేను చెయ్యమన్న ప్రతిదీ చేశారు. మెదెర్ ఒక్కడే చేతులు పైకెత్తి దింపకుండా అలాగే ఉండిపోయాడు. ఏమైందంటే, "లొంగిపోయాను, కాల్చకండి" అన్నాడు.

సెప్టెంబర్ 18

ఇల్లు గుర్తుకు రావడం లేదు.

సెప్టెంబర్ 19

ఈ రోజు కూడా రావడం లేదు. మా వీధి మలుపులో తందూరు దగ్గర పొద్దున్నే రొట్టె వాసన వస్తుందే, అది ఒక్కటి కొంచెం. బోతిర్ ఫోన్లో "నీకు అక్కడ స్నేహితులయ్యారా?" అన్నాడు. అందరూ ఎంతో మర్యాదగా ఉంటారని చెప్పాను. "నేను అడిగింది అది కాదు" అన్నాడు. నేను గదిలోకి వస్తే మాట్లాడుకుంటున్న వాళ్ళు లేచి నిలబడతారని అతనికి చెప్పలేదు. నేను వెళ్ళిపోగానే మళ్ళీ నవ్వులు వినిపిస్తాయని కూడా చెప్పలేదు.

సెప్టెంబర్ 27

బురుల్ ఎజె ఈ ఫ్యాక్టరీలో చేరి వచ్చే వారానికి ముప్పై ఏళ్ళట. జిపార్ మాటల్లో చెప్పింది. ఇంతకన్నా మంచి సందర్భం ఎక్కడ దొరుకుతుంది! ఎజె పేరు మీద విందు ఇస్తాను. నా చేత్తో పలావు వండుతాను. తాష్కెంటు పలావు తింటే ఆవలింత అన్నది మర్చిపోతారు.

అక్టోబర్ 3

పలావు అద్భుతంగా కుదిరింది. ఇది నా సొంత డైరీ కాబట్టి గొప్పలు చెప్పుకోవచ్చు. క్యారట్ సన్నగా, అన్నం గింజకి గింజ అంటకుండా, వెల్లుల్లి గడ్డలు మెత్తగా. మాంసం చిన్న చిన్న ముక్కలుగా కోశాను. ఎవరికీ ఒక ముక్క ఎక్కువా ఒక ముక్క తక్కువా కాకూడదని జిపార్ దగ్గర పాలు పరీక్ష చేసే తక్కెడ తెచ్చి, ప్రతి పళ్ళెంలో మాంసం తూచి మరీ పెట్టాను. అధికారైనా డ్రైవరైనా ఇక్కడ అందరూ సమానమే అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. పుస్తకంలో పన్నెండో పాఠం.

క్యాంటీన్ అంతా నిశ్శబ్దంగా తిన్నది. రుచికి మాటలు పడిపోయాయి. బురుల్ ఎజె తన పళ్ళెం వంక చూశారు, పక్కనున్న జిపార్ పళ్ళెం వంక చూశారు, అంతా తిన్నారు, అరచేతులు చాచి నన్ను దీవించారు. "చాలా బాగుందండీ. మీ చెయ్యి నొప్పెట్టి ఉంటుంది."

ఉప్పొంగిపోయాను. జిపార్ ఎందుకో పళ్ళెం సగంలో వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. కడుపులో బాగాలేదేమో.

అక్టోబర్ 4

బురుల్ ఎజె రాలేదు. తలనొప్పట.

అక్టోబర్ 5

రాలేదు. నిన్న కన్నా ఎక్కువైందట. పలావులో నూనె ఎక్కువైందా? నేను బాగానే ఉన్నానే.

అక్టోబర్ 6

వ్యాయామానికి ముగ్గురు వచ్చారు. చిరునవ్వుతోనే వచ్చారు.

అక్టోబర్ 8

ఏం రాయాలో తెలియడం లేదు. వరసలో రాస్తాను.

రాత్రి మంచు పడింది. పొద్దున నేను వెళ్ళేసరికి బాయిలర్ చల్లగా ఉంది. దాని పొట్ట కింద నీళ్ళ మడుగు, మడుగు మీద సన్నటి మంచుపొర. రెండు తొట్లలో పాలు విరిగి, చల్లబడి, పుల్లటి వాసన. అందరూ గోడవారగా నిలబడి నన్ను చూసి "ఏం ఫరవాలేదు, ఏం ఫరవాలేదు" అంటున్నారు. ఎవరో కుర్చీ తెచ్చారు, దిండు కూడా.

బయటికొచ్చి లారీలో కూర్చున్నాను. ఎందుకో అక్కడే కూర్చోవాలనిపించింది. మెదెర్ వచ్చి పక్కన కూర్చుని చాలాసేపు అద్దం తుడిచాడు. తుడిచిన చోటే తుడిచాడు.

"ఒక మాట చెప్తాను ఎజె. చెప్పకూడదు. మా అమ్మకి తెలిస్తే తోలు తీస్తుంది. కానీ మీరు నా లారీలో వచ్చారు కదా, నా లారీలో వచ్చినవాళ్ళు అతిథులు కారు, సరుకు. సరుక్కి నిజం చెప్పొచ్చు."

"చెప్పు."

"బాయిలర్ జూలైలోనే పగిలింది. మీరు రాకముందే. రాత్రిళ్ళు వంతులేసుకుని బొగ్గూ పిడకలూ ఎగదోస్తున్నాం, కారిన నీళ్ళు బకెట్లతో పోస్తున్నాం. దగ్గర నిలబడి వేడి చూపించే ముల్లు కదలకుండా కాపలా కాస్తున్నాం. అందుకే మీ పట్టికలో గీత అంత తిన్నగా ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"అతిథికి చెడ్డ కబురు ఎలా చెప్తాం?"

రాత్రంతా పార పట్టిన వాళ్ళ చేత నేను పొద్దున్నే గెంతించాను. సెప్టెంబర్లో బాయిలర్ బాగానే ఉందని రాసి పంపింది కూడా నేనే.

"మరి రాత్రి ఏమైంది?"

"వంతులు చూసేది బురుల్ ఎజె. ఆవిడ రావడం మానేసింది. ఆవిడ లేకపోతే నువ్వు ముందంటే నువ్వు ముందని ఎవరూ కదల్లేదు."

"ఆవిడకి తలనొప్పి కదా?"

మెదెర్ నన్ను చూసి నవ్వాడు. "ఆవిడ తలకి మీరే నొప్పి. మా దగ్గర గొర్రెలో ప్రతి ఎముకకీ ఒక స్థానం ఉంది ఎజె. తుంటి పెద్దలకి, మూలుగ ఎముక ఆ తర్వాత వాళ్ళకి, పక్కటెముకలు చిన్నవాళ్ళకి. మనిషి ముందు ఏ ఎముక పెట్టారో చూస్తే ఆ మనిషి ఏంటో ఊరందరికీ తెలుస్తుంది. మీరేమో ఎజె ముప్పై ఏళ్ళ పండగ అని పిలిచి, ఆవిడ ముందు చిన్నపిల్లలకి పెట్టినట్టు ముక్కలు పెట్టారు. నిన్న కాక మొన్న వచ్చిన జిపార్‌తో సమానంగా. అది కూడా తూచి. పాపం జిపార్ సిగ్గుతో ఏడ్చింది."

ఒక్కసారిగా అందరి ముఖాలూ గుర్తొచ్చాయి. వచ్చిన రోజు నా ముందు పెట్టిన ఎముక కూడా.

"పలావు మాత్రం బాగుంది" అన్నాడు మెదెర్.

అక్టోబర్ 9

పొద్దున్నే బురుల్ ఎజె ఇంటికి వెళ్ళాను. ఫ్యాక్టరీ గేటుకి సరిగ్గా ఎదురిల్లే. ఎజె తలకి ఉన్ని రుమాలు గట్టిగా బిగించి కట్టుకున్నారు, కానీ ముఖం గులాబీలా ఉంది. నన్ను చూడగానే పైన కూర్చోబెట్టి, భోజనాల గుడ్డ దస్తర్‌ఖాన్ పరిచి, రొట్టె, మీగడ, జామ్, నూనెలో వేయించిన పిండి బోర్సోకులు గుట్టగా పోశారు. ఆరోగ్యం ఎలా ఉంది, మీ ఆయన ఆరోగ్యం ఎలా ఉంది, తాష్కెంటు ఆరోగ్యం ఎలా ఉంది. ఇలా అయితే సాయంత్రం దాకా ఇద్దరం ఆరోగ్యంగా ఉంటాం తప్ప ఏమీ తేలదనిపించింది.

లేచాను. వెళ్ళి గుమ్మం పక్కన, కోడళ్ళు కూర్చునే చోట కూర్చుని, కెటిల్ నా వైపు లాక్కుని టీ పోయడం మొదలుపెట్టాను.

"అయ్యో! అయ్యో! ఏంటండీ ఇది! అతిథి చేత టీ పోయించుకుందని వీధిలో తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"నేను అతిథిని కాను ఎజె. జీతం తీసుకునేదాన్ని."

"లేవండి, పైకి రండి."

"మీరు బాయిలర్ బాగుందన్నారు. నేను నమ్మి బాగుందని తాష్కెంటుకి రాశాను. కొత్త బాయిలర్ డబ్బు పోయింది."

"పోతే పోయింది. ఎక్కడికి పోయింది?"

"బోర్డుకి."

"ఏ బోర్డు?"

"గేటు మీద."

ఎజె గిన్నె కింద పెట్టారు. "ఆ ఎర్రగా పచ్చగా కన్ను కొట్టేదా?"

"అదే."

"దాన్ని చూసి మా ఆవు బెదిరి పాలు చేపడం మానేసిందండీ! కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటున్నానండీ! దానికా బాయిలర్ డబ్బు పెట్టారు? మీకు బుద్ధుందా అండీ?"

ఇంత కోపంలోనూ 'అండీ' వదల్లేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఎజె ఆగలేదు. బోర్డు నుంచి వ్యాయామానికి, వ్యాయామం నుంచి పలావుకి వచ్చారు.

"నా పేరు చెప్పి అందరినీ పిలిచి, నా ముందు ఆ ముక్కలా! తక్కెడ పెట్టి! నేను ఏమైనా మందుల షాపుకి వచ్చానా?"

"అందరూ సమానం అని చూపిద్దామని ఎజె..."

"సమానమైతే మరి నా ముప్పై ఏళ్ళు ఎక్కడికి పోయాయండీ?"

జవాబు కోసం పుస్తకంలోని పాఠాలన్నీ మనసులో తిరగేశాను. ఏ పాఠంలోనూ లేదు. తప్పైపోయింది అన్నాను. తెలియక చేశానన్నాను. తర్వాత నాక్కూడా కోపం వచ్చింది. "మరి మీరు చేసింది బాగుందా? అందరూ కలిసి నన్ను దిండు మీద కూర్చోబెట్టి కళ్ళకి గంతలు కట్టారు. ఒక్కరంటే ఒక్కరు నాతో నిజం మాట్లాడలేదు. ఇక్కడ నాకు ఎంత ఒంటరిగా ఉందో మీకు తెలుసా?" అని అరిచాను. అరుస్తూనే టీ పోశాను. అరుపులకి పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూస్తే ఇద్దరం ఒకేసారి "ఏం ఫరవాలేదు!" అన్నాం.

అప్పుడు నవ్వొచ్చింది ఇద్దరికీ. ఎజె తల మీది రుమాలు విప్పేసి, విరిగిన పాలేం చేశారని అడిగింది. ఇంకా పడెయ్యలేదన్నాను. "దేవుడి దయ. కురుత్ చేద్దాం పదండి" అంది. విరిగిన పాలని వడగట్టి, ఉప్పేసి, గోలీలు చేసి ఆరబెట్టేశాం. నా చేతులు మోచేతుల దాకా పులిసిన వాసన. ఎవరూ నా చేతిలోంచి ఏమీ లాక్కోలేదు.

అక్టోబర్ 12

రేపు షౌకత్ అకాకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేస్తాను.

అక్టోబర్ 13

ఆదివారం. పెద్దవాళ్ళని ఆదివారం ఇబ్బంది పెట్టకూడదు.

అక్టోబర్ 20

నాకూ బాయిలర్ దగ్గర వంతు ఇమ్మని బురుల్ ఎజెతో పోట్లాడి ఇప్పించుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. జిపార్ వెన్న రాసింది. నరీన్ పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ బాయిలర్ చుట్టూ తిరిగి, దాని మీద చెయ్యి వేసి నిట్టూర్చాడు. డిసెంబర్ చలికి ఇది ఆగదు, పగిలితే గొట్టాలన్నీ పోతాయి, ఇక ఫ్యాక్టరీ తెరవాల్సిన పని ఉండదు అన్నాడు.

రేపు ఫోన్ చేస్తాను.

అక్టోబర్ 28

చెప్తే ఏమవుతుంది? నువ్వు బాగుందన్నావు కదా అంటారు. అబద్ధం రాశావంటారు. సామాన్లు సర్దుకు రమ్మంటారు. ఫ్యాక్టరీకి తాళం వేస్తారు. బురుల్ ఎజె, జిపార్, అందరూ చలికాలమంతా ఇళ్ళలో కూర్చుంటారు. చెప్పకపోతే డిసెంబర్లో అదే జరుగుతుంది. బాయిలర్ నాకు ధైర్యం వచ్చేదాకా ఆగితే బాగుండు. బోతిర్ అన్నాడు, "పన్ను ఎంత ఆలస్యం చేస్తే అంత లోతుగా పీకాలి" అని. ఫోన్ పెట్టేశాను.

ఎల్లుండి తప్పకుండా.

నవంబర్ 4

ఆయనే ఫోన్ చేశారు. పదకొండో తారీకున వస్తున్నారట. "అంతా బాగుందా?" అన్నారు. "మీ ఆరోగ్యం ఎలా ఉంది అకా?" అన్నాను. నేను కూడా ఈ ఊరి దాన్నైపోయాను, కాకపోతే అవసరం లేని చోట.

నవంబర్ 10

బురుల్ ఎజె కాళ్ళా వేళ్ళా పడ్డాను. "రేపు విందులో ఆయన అడుగుతారు. నా మాట కన్నా మీ మాటకి విలువ ఎక్కువ. బాయిలర్ సంగతి చెప్పండి."

"అతిథికా? నా దస్తర్‌ఖాన్ మీద? చచ్చినా చెప్పను."

"పోనీ నేను చెప్తాను."

"ఎలా చెప్తారు? మీరు అతిథిని కానని పోట్లాడారు. అంటే విందు ఇచ్చేవాళ్ళలో మీరూ ఒకరు. కాబట్టి మీరూ చెప్పకూడదు."

ఎటు తిరిగినా గోడే. ఇది చాలదన్నట్టు కుర్రాళ్ళు అతిథి వస్తున్నాడని బాయిలర్‌కి పచ్చరంగు వేశారు. పగుళ్ళు కనబడటం లేదు. పెళ్ళికొడుకులా ఉంది.

నవంబర్ 11

రాయకపోతే నిద్ర పట్టదు.

షౌకత్ అకా పొద్దున వచ్చారు. అన్నీ తిరిగి చూశారు. చీజ్ రుచి చూసి మీసం తుడుచుకుని ఇంకో ముక్క తీసుకున్నారు. పచ్చటి బాయిలర్ ముందు నిలబడి, "మంచి బాయిలర్. నువ్వు రాసింది నిజమే" అన్నారు. నేను నోరు తెరిచాను. దగ్గు వచ్చింది.

విందు బురుల్ ఎజె ఇంట్లో. షౌకత్ అకాని అందరికన్నా పైన కూర్చోబెట్టి గొర్రె తల ముందు పెట్టారు. ఆయన పెద్దమనిషి, మర్యాదలు తెలిసినవారు. చెవి కోసి, అందరిలో చిన్నదని జిపార్‌కి ఇచ్చారు. ఎవరి ఎముక వాళ్ళకి వెళ్ళింది. నన్ను ఆయన పక్కనే దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు.

భోజనం సగంలో ఆయన అడిగారు. "ఏమైనా కష్టాలుంటే చెప్పండి ఎజె. మొహమాటం వద్దు."

"ఏ కష్టమూ లేదు. మీ ఆరోగ్యం బాగుండాలి" అంది ఎజె.

"ఏ కష్టమూ లేదు" అన్నారు అందరూ.

"సంతోషం. అయితే కొత్త ఖర్చేమీ లేకుండా చలికాలం నడిపేద్దాం. ఈ వారమే బిష్కెక్ దుకాణాలకి చీజ్ పంపుతామని మాట ఇచ్చేస్తాను."

ఇక ఆగితే అందరం మునుగుతాం. మర్యాద పోతే పోయింది, నేనే చెప్పేస్తానని "షౌకత్ అకా..." అన్నాను.

"ఏయ్ మవ్జూదా!"

గది అంతా అదిరింది. బురుల్ ఎజె. నా పేరు ఆవిడ నోట అలా ఎప్పుడూ వినలేదు.

"దిండ్లకి ఆనుకుని ఏం చేస్తున్నావే అక్కడ? పెద్దల పక్కన కూర్చోడానికి సిగ్గు లేదూ? లేచి ఇటొచ్చి టీ పొయ్యి!"

ఎప్పుడు లేచానో, ఎప్పుడు గుమ్మం పక్కకి వచ్చి కెటిల్ పట్టుకున్నానో నాకే తెలియదు. మెదెర్ చేతిలో ఎముక నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏంటీ టీ? చల్లగా చచ్చింది! మన బాయిలర్ నీళ్ళా ఇవి? ఆ జూలైలో పగిలిన బాయిలర్‌కి రంగేస్తే నీళ్ళు కాగుతాయా? రాత్రి నీ వంతొస్తే పిడకలు సరిగా ఎగదోయవు, ముల్లు పడిపోతే కునుకు తీస్తావు! నరీన్ మేస్త్రీ చెప్పలేదూ, డిసెంబర్ దాకా ఆగదని? గొట్టాలు పగిలితే నీ తాత వచ్చి అతికిస్తాడా?"

షౌకత్ అకా కత్తి పక్కన పెట్టారు. ఎజె ఆయన వంక ఒక్కసారి కూడా చూడలేదు. చూపంతా నా మీదే, వేలంతా నా మీదే. ఆవిడ అతిథికి ఏ చెడ్డ కబురూ చెప్పలేదు. ఇంటి పిల్లని తిడుతోంది, అంతే. ఇంటి పిల్లని తిట్టుకోడానికి ఏ ఆచారం అడ్డొస్తుంది?

"మేం ముసలివాళ్ళం బాగుందంటే నువ్వు నమ్మెయ్యడమేనా? తల లేదూ నీకు? బాగుందని రాసి పంపుతావా? ఆ డబ్బు తీసుకెళ్ళి గేటు మీద దీపాలు పెడతావా? తప్పు మాదీ ఉంది, నీదీ ఉంది, నీదే ఎక్కువ, ఎందుకంటే చదువుకున్నదానివి! మళ్ళీ ఆ టీ చూడు, ఒలకబోస్తోంది!"

ఒలికింది నిజమే. కళ్ళు కనబడటం లేదు నాకు. నా పెళ్ళిలో కూడా ఇంత ఏడవలేదు, ఇంత సంతోషపడలేదు.

షౌకత్ అకా చేతులు తుడుచుకున్నారు. నా వంక చూశారు, ఎజె వంక చూశారు, కిటికీలోంచి కన్ను కొడుతున్న బోర్డు వంక చూశారు. తర్వాత అరచేతులు చాచారు. భోజనం చివర దీవించాల్సింది అతిథే. అందరం చేతులు చాచాం.

"ఈ ఇంట్లో ఆరోగ్యం ఉండాలి" అన్నారు. "పాలు పొంగాలి. పెద్దవాళ్ళ మాట నిలవాలి. ఆ మూల టీ ఒలకబోసే పిల్లకి కొంచెం బుద్ధి రావాలి. మంచు గట్టిపడే లోపల ఈ ఫ్యాక్టరీకి కొత్త బాయిలర్..."

"ఓమీన్!" అంది బురుల్ ఎజె.

"ఓమీన్!" అన్నారందరూ. అందరి చేతులూ ఒక్కసారిగా ముఖాల మీదుగా కిందికి జారాయి. ఓమీన్ అనేశాక దీవెన అయిపోయినట్టే. భోజనం దగ్గర ఇచ్చిన దీవెన ఎవరూ వెనక్కి తీసుకోలేరు, తాష్కెంటులోనైనా సరే.

"...రావాలి" అని షౌకత్ అకా మెల్లిగా పూర్తి చేశారు. అప్పటికే అందరూ లేచి గిన్నెలు తీస్తున్నారు.

కారు ఎక్కుతూ నన్ను పక్కకి పిలిచారు. "నువ్వు రాసిందంతా తప్పని మళ్ళీ నీ చేత్తోనే రాసి పంపు. ఆ బోర్డు పీకించు, నా కళ్ళు పోతున్నాయి. ఇంకో మాట. ఆర్నెల్లకి ఇంటికి వచ్చేద్దామనుకుంటున్నావేమో, కుదరదు. ఎండాకాలం అయ్యేదాకా ఇక్కడే ఉండి ఆ బాయిలర్ నువ్వే చూసుకోవాలి. ఇది శిక్ష."

"అలాగే అకా" అన్నాను తల వంచుకుని. తల ఎత్తితే ముఖం చూస్తారని భయం.

నవంబర్ 12

బోతిర్‌కి శిక్ష సంగతి చెప్పాను. "నిజంగా తిట్టారా? అందరి ముందూ?" అన్నాడు. ఏం తిట్టిందో మొత్తం చెప్పాను, రెండుసార్లు. "సరే, శుక్రవారం సెలవు పెట్టి నేనే వస్తాను. నాకు పక్కటెముక చాలు" అన్నాడు.

నవంబర్ 13

పొద్దున. పాలు వచ్చినట్టున్నాయి, కింద మెదెర్ హారన్ మోగిస్తున్నాడు. బురుల్ ఎజె మెట్ల కింద నిలబడి, "మవ్జూదా! ఎక్కడ చచ్చావే? పాలు నీ కోసం కాచుకుంటాయా?" అని ఊరంతా వినిపించేలా అరుస్తోంది. బూట్లు వేసుకునే ఉన్నాను. ఇంకొక్కసారి అరిస్తే విని వెళ్దామని కూర్చున్నాను.